బుడాపెస్టు నగరోద్యానము

స్నానముకొఱకు ప్రయాణము చేయుట మనకు క్రొత్త కాదు. పుష్కరము వచ్చినచో ఊళ్లకు ఊళ్లే గోదావరిగట్టునకు తరలును. కావున ఒక స్నానముకొఱకై నేను సముద్రములు దాటి పోతినని చెప్పిన నెవ్వరును పరిహసింపరని నమ్మి, ఈ ప్రసంగమును స్నానముతోనే మొదలుపెట్టుచున్నాను.

కొన్ని సంవత్సరములక్రిందట నేనును నా భార్యయు హంగరీ దేశపు రాజధానియైన బుడాపెస్టు నగరమున నాలుగు దినములు గడపితిమి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. వియన్నాలో ఉద్యోగము చేయుచున్న నా మేనల్లుడు, "అత్తయ్యను ఒక్కసారి ఆ వేడినీళ్లలో కూర్చోపెట్టండి, మామయ్యా" అని పట్టుపట్టి, హోటలులో గదియు స్నానమును కలిపి ఒకే వెలకు ఇచ్చు నేర్పాటొకటి మాకు కుదిర్చెను. ఐరోపా నగరములలో ఇట్టి సెలవుబేరములు నేడు సామాన్యములు.

మేము దిగిన హోటలు పేరు చెప్పవలసినంత విశేషము దానియందు లేదు. నేలమాళిగలో తెల్లని పలకలు పఱచిన చిన్న కొలను, ఒక ఆవిరిగది, తైలము మర్దించువారు, మెత్తని తువాళ్లు; అంతయు శుభ్రముగాను నిశ్శబ్దముగాను ఉండెను. మొదటి సాయంకాలము ఆ కొలనిలో మే మిరువురమే కూర్చుంటిమి. నా భార్య కొంతసేపు ఊరకుండి, "ఇంత దూరం వచ్చి తొట్టిలో కూర్చున్నట్టుందండీ. మనుషులేరీ?" అనెను. నాకు సమాధానము తోచలేదు. ఆ ప్రశ్నయే మఱునాడు మమ్ము నగరోద్యానమునకు నడిపించినది. ఆ తోట చరిత్రయే నేడు నేను చెప్పబోవు విషయము.

బుడాపెస్టు మూడూళ్ల కూడిక. డాన్యూబు నదికి పడమటిగట్టున కొండలమీద బుడా, దాని కుత్తరమున ఓబుడా, తూర్పుగట్టున చదునునేలపై పెస్టు. ఈ మూడును 1873వ సంవత్సరమున ఒక్క నగరముగా కలిసినవి. బుడా కొండలు సున్నపురాతి కొండలు. వానిపై కురిసిన వాననీరు రాతిబీటలవెంట మిగుల లోతునకు దిగి, భూగర్భపు వేడికి కాగి, కొండయు మైదానమును కలియుచోట నున్న పగులువెంట నదియొడ్డున మరల పైకి వచ్చుచున్నది. ఆ దేశమున భూమి పైపొర తక్కినచోట్లకంటె పలుచన. అందుచే లోని వేడి పైకి దగ్గఱ. నగరములో నిట్టి యూటలును త్రవ్విన బావులును కలిసి నూటికి పైగా కలవు.

రోమనులు ఓబుడాలోని తమ ఆక్వింకం పట్టణమున స్నానశాలలు కట్టుకొనిరి. 1541 మొదలు 1686 వఱకు బుడా నేలిన తురుష్కులు గుమ్మటముల స్నానశాలలు కట్టిరి. వానిలో రుదాష్ అనునది 16వ శతాబ్దిలో సొకొలూ ముస్తఫా పాషా కట్టించినది. ఎనిమిది స్తంభములమీద నిలిచిన గుమ్మటమును, దాని క్రింద ఎనిమిది కోణముల కొలనును నేటికిని చెక్కుచెదరక యున్నవి. ఏ రాజ్యము వచ్చినను ఈ నీటిని పూడ్చలేదు. తన పద్ధతిని తాను స్నానము చేసినది.

ఇది బుడాగట్టు కథ. ఎదుటి గట్టున పెస్టులో కొండలు లేవు, పైకి పొంగు వేడియూటలును లేవు. ఆ ఊరికి వెలుపల ఇసుకయు బురదయు కలసిన బయలొకటి యుండెను. జనులు దానికి పెట్టుకొన్న పేరునకు ఎద్దుల బీడని యర్థము. 18వ శతాబ్దిలో అచ్చట చెట్లు నాటుటకును, బురద తీయుటకును కొన్ని ప్రయత్నములు జరిగెను. కాని బీడు తోటగా మాఱిన కథ 19వ శతాబ్దిలోనిది.

1808వ సంవత్సరమున, చక్రవర్తి ప్రతినిధిగా హంగరీలో నుండిన జోసెఫు ప్రభువు పూనికతో, పెస్టు నగరమునకు అలంకరణసంఘ మొకటి యేర్పడెను. వీథులు తీర్చుట, ఇండ్ల నమరికలు పరీక్షించుట దాని పని. ఆ సంఘము 1813లో ఈ బీడును ప్రజలకు తోటగా మార్చుటకు నమూనాలు కోరుచు పోటీ ప్రకటించెను. హెయిన్‌రిఖ్ నెబ్బియెన్ అను జర్మను తోటశిల్పి అందు గెలిచెను. ఆయన తన యూహను వివరించుచు 1816లో దీర్ఘమైన నివేదికను వ్రాసెను. ప్రజల తోట ప్రజల గౌరవమునకు గుర్తుగా నుండవలెననునది దాని సారము. చెఱువు, ద్వీపములు, వంకరబాటలు, గుంపుగుంపులుగా చెట్లు, నడుమ విశాలమైన పచ్చికబయళ్లు ఆయన గీసిన పటములో నుండెను. ధనము చాలక అందు కొంతభాగమే నెఱవేఱెను.

ఇందు విశేషమేమని మీ రడుగవచ్చును. ఆ కాలమున ఐరోపాలో ప్రజలు తిరుగు తోటలు లేకపోలేదు. లండనులోని హైడుపార్కు రాజులది; వారు ప్రజలను రానిచ్చిరి. వియన్నాలోని ప్రాటరు రాజుల వేటవనము. 1766లో రెండవ జోసెఫు చక్రవర్తి దానిని జనులకు తెఱచెను. మ్యూనిక్కు నగరపు ఆంగ్లోద్యానమును 1789లో ఆ దేశపు ప్రభువు ఆజ్ఞచే మొదలుపెట్టిరి. ఇవన్నియు ప్రభువుల దయ. దయ మంచిదే, కాని తలుపు తెఱచిన చేతికి దానిని మూయు శక్తియు నుండును. పెస్టు తోట అట్టిది కాదు. నగరపు నేలపై, నగరపు సంఘము, నగరవాసులకొఱకే పోటీపెట్టి గీయించిన తోట యది. ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ ఉద్యానమును 1847లో తెఱచిరి. న్యూయార్కులోని సెంట్రల్ పార్కు నమూనాకై 1857లో పోటీ ప్రకటించిరి. ఆ రెంటికంటెను ఇది ముందటిది. ప్రజలకొఱకే పుట్టిన తోటలలో లోకమున మొదటివానిలో నొకటిగా దీనిని చరిత్రకారులు లెక్కించుటకు కారణ మిదియే.

నీడ యిట్లు వచ్చినది. ఇక నీరు.

విల్మోష్ జిగ్‌మొండీ గనుల ఇంజనీరు. 1848–49 సంవత్సరముల హంగరీ స్వాతంత్ర్యసమరమున తన దేశపు పక్షమున నిలిచినందుకు చెఱ ననుభవించినవాడు. భూమికి లోతైన రంధ్రములు దొలిచి నీరు తెప్పించు విద్యలో ఆయన నిపుణుడు. డాన్యూబు నడుమనున్న మార్గరెట్టు ద్వీపమున 1867లో వేడినీరు తెప్పించెను. పెస్టు నేలక్రిందను ఆ వేడినీరే యుండవలెనని ఆయన నమ్మకము. 1868లో నగరోద్యానమున దొలుచుట మొదలుపెట్టెను. ఒక యేడు గడచెను, రెండేండ్లు గడచెను, నీరు లేదు. పదియేండ్లు పట్టెను. 1878లో సుమారు 970 మీటర్ల లోతునుండి 74 డిగ్రీల వేడిగల నీరు తనంతట తాను పైకి చిమ్మెను. పదియేండ్లు రంధ్రమునకు ధనము పోసిన నగరపాలకుల యోపికయు, ఇంజనీరు విద్యతోపాటు, ప్రశంసింపదగినది.

ఆ నీటితో 1881లో చిన్న స్నానశాల నొకటి తాత్కాలికముగా నెలకొల్పిరి. జనుల రద్దీ కది చాలలేదు. గ్యోజో చిగ్లెర్ అను శిల్పి పెద్ద స్నానశాలకు నమూనా గీచి, పని మొదలు కాకమునుపే 1905లో మరణించెను. ఆయన గీచిన దానినే ఆధారముగా గొని 1909లో కట్టడ మారంభించి, 1913 జూను 16వ తేదీన తెఱచిరి. దానికి తరువాత సేచెన్యీ స్నానశాల యను పేరు స్థిరపడినది. 1927లో ఆరుబయట కొలనులు చేర్చిరి. 1938లో 1,200 మీటర్లకు పైబడిన లోతుగల రెండవ బావిని త్రవ్విరి. ఆ స్నానశాల తెఱచిన 1913వ సంవత్సరముననే, జనవరి 30వ తేదీన, అదే నగరమున మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పంజాబీ తండ్రికిని హంగరీ తల్లికిని జన్మించెను.

తోటలోనే 1866లో తెఱచిన జంతుశాల కలదు. ఆ వేడినీటిలో కొంత అచ్చటి నీటియేనుగుల మడుగునకు పోవుచున్నది. మంచు కురియు దేశమునను అవి సుఖముగా పిల్లలను కనుచున్నవి. నగరము తనకొఱకు తెచ్చుకొన్న నీటిలో మృగములకును వంతు దొరకినది!

మేము పోయిన ఉదయము చలిగా నుండెను. పసుపుపచ్చని పెద్ద భవనము, గుమ్మటములు, నడుమ ఆకాశము క్రింద పొగలు గ్రక్కుచున్న కొలనులు. రొమ్ముల లోతు నీటిలో నిలుచుండి కొందఱు వృద్ధులు చదరంగ మాడుచుండిరి. వారిని చూచి ఎత్తులు చెప్పువారు వారికంటె నెక్కువమంది. మావంటి పరదేశులు గుంపులుగా వచ్చియుండిరి. వైద్యుని చీటి పట్టుకొని వచ్చిన కీళ్లనొప్పుల రోగులును ఉండిరి. ఆ దేశమున ఇట్టి స్నానము చికిత్సగా వైద్యులు వ్రాయుదురు. ప్రవేశపు వెల తమకు అందకుండ పెరుగుచున్నదని అచ్చటివారు కొందఱు గొణుగుటయు వింటిని. ఆ గొణుగుడు న్యాయమైనదే. నా భార్య యొక మెట్టుపై కూర్చుండి, ప్రక్కనున్న ముసలమ్మకు తన మోకాలు చూపెను; ఆమె తన మోకాలు చూపెను. భాష తెలియని ఆ యిరువురును గంటసేపు మాటలాడుకొనిరి.

హోటలు మాటకు మరలి వచ్చెదను. ఏలయన ఆ నగరమున హోటలునకును స్నానమునకును సంబంధము పాతది. బుడాగట్టున గెల్లెర్టు కొండ పాదమున, తురుష్కులనాటి స్నానస్థలమునకు సమీపముననే, నగరపాలకులు 1912లో మొదలుపెట్టి 1918లో గెల్లెర్టు హోటలును దాని స్నానశాలను తెఱచిరి. రంగుపలకలతోను గాజుకప్పులతోను అది రాజభవనమువలె నుండెను. 1926లో రవీంద్రనాథ ఠాకూరు హంగరీకి వచ్చినపుడు ఆ హోటలులోనే దిగెను. ఆయన హృదయము బలహీనముగా నుండుటచే వైద్యుల సలహాపై బలటోన్‌ఫ్యూరెడ్ అను సరోవరతీరపు ఆరోగ్యశాలకు పోయి, కోలుకొని, నవంబరు 8వ తేదీన అచ్చట నొక లిండెను మొక్కను నాటెను. ఆ తీరపు నడకబాట నేటికిని ఆయన పేరుతో నున్నది.

ఆ హోటలు ఎదుటనే, అంతకు ఏడేండ్లకు ముందు, మఱియొక దృశ్యము జరిగెను. 1919 నవంబరు 16వ తేదీన నౌకాదళపతి హోర్తీ తెల్లగుఱ్ఱమునెక్కి సేనతో నగరము ప్రవేశించి, తన కెదురువచ్చిన నగరపెద్దలతో ఈ నగరము పాపము చేసినదని నిందించుచు మాటలాడెను. తరువాత ఇరువదినాలుగేండ్లకు పైగా ఆ దేశము ఆయన పాలనలో నుండెను. పాపము చేసినవారిని వేరుచేసి చూపు వాడుక అట్లు మొదలైనచో ఎచ్చట ఆగునో ఎవరికి తెలియును?

మూడవనాడు తోటలోని చెఱువుగట్టున బల్లపై కూర్చుంటిమి. ఎదుట వైదహున్యాద్ అను కోట. చూచుటకు మధ్యయుగపు కోట. నిజమునకు అంత పాతది కాదు. హంగరీయులు ఆ దేశమున స్థిరపడి వేయేండ్లు నిండినవని 1896లో ఆ తోటలో గొప్ప ప్రదర్శనము జరిపిరి. దానికై కఱ్ఱతో కట్టిన వేషపుకోట యది. జనులకు నచ్చుటచే 1904 మొదలు 1908 వఱకు ఱాతితో మరల కట్టిరి. ఆ ప్రదర్శనమునకే నగరమునుండి తోటవఱకు భూగర్భమున రైలుబాట వేసిరి. 1896 మే నెలలో తెఱచిన ఆ బాట ఐరోపా ఖండమున మొదటిది. లండనులోనిది దానికి ముందటిది. ఆ రైలులోనే మేమును వచ్చితిమి.

అదే బల్లపై నొక వృద్ధురాలు కూర్చుండియుండెను. ఇంగ్లీషు మాటలాడగలది. మేము కోటను పొగడగా ఆమె నవ్వి, తన తల్లి ఈ తోటకు మూడు వీథుల యవతల పెరిగినదని చెప్పెను. 1944 వేసవిలో ఆ తల్లికి పదునొకండేండ్లట. మిద్దెమీదినుండి ఈ చెట్లకొనలు కనబడుచుండెడివట, రాగూడదట. అంతకంటె నామె యేమియు చెప్పలేదు. తక్కినది చరిత్ర చెప్పును.

1944 మార్చి 19వ తేదీన జర్మనుసేనలు హంగరీని ఆక్రమించినవి. ఏప్రిలు నెలలో యూదులు పసుపు నక్షత్రము ధరింపవలెనని ఆజ్ఞ వచ్చెను. తరువాత సామాన్య స్నానశాలలలో వారు అడుగుపెట్టగూడదని ఆజ్ఞ. జూనులో నగరమునందలి యూదులను సుమారు 2,000 ఇండ్లలోనికి త్రోసి, ఆ యిండ్ల తలుపులపై నక్షత్రము వ్రేలగట్టిరి. దినమున కొన్ని గంటలే బయటికి రావలెను, ఉద్యానములలోనికి పోరాదు. ఆ నెలలలోనే పల్లెలనుండియు చిన్న పట్టణములనుండియు నాలుగు లక్షలకు పైగా యూదులను రైళ్లలో కుక్కి మరణశిబిరములకు పంపిరి. ఇంత ఘోరము నడుమ తోటకు పోరాదనుట చిన్నమాటయని తోచవచ్చును. కాని ఘోరము చిన్నమాటతోనే మొదలగుచున్నది. ఒకనిని నీవు మాలోనివాడవు కావనుటకు ముందుగా వానిని ఊరుమ్మడి బావినుండియు, ఊరుమ్మడి నీడనుండియు తప్పింతురు. మన దేశమున బావులకడ నేమి జరిగినదో ఎఱిగిన మనకు దీనిని వివరింప నక్కఱలేదు. జోసెఫు చక్రవర్తి తెఱచిన తలుపును ప్రభువు మూయగలడని పైన చెప్పితిని. ప్రజలు తెఱచిన తలుపును ప్రజల పేరుతోనే మూయవచ్చునని పెస్టు తోట నేర్పిన రెండవ పాఠము.

యుద్ధము ముగిసెను. 1944 డిసెంబరు కడపటినుండి 1945 ఫిబ్రవరి 13వ తేదీవఱకు సాగిన ముట్టడిలో నగరము గుల్లయైనది. గెల్లెర్టు హోటలును దెబ్బతినెను, తరువాత బాగుచేసిరి. ప్రభుత్వము మాఱెను, కాని తోటపై కన్ను మాఱలేదు. 1951లో క్రొత్త పాలకులు తోటయంచున నున్న దేవాలయము నొకదానిని పడగొట్టి, అచ్చట స్టాలిను కంచువిగ్రహము నిలిపిరి. మనిషికి నాలుగైదింతలు పొడవుగల విగ్రహ మది. ఊరేగింపులన్నియు దాని ముందునుండి పోవలెను. 1956 అక్టోబరు 23వ తేదీ రాత్రి జనులు త్రాళ్లు కట్టి దానిని కూల్చిరి. పీఠముపై బూట్లు మాత్రము మిగిలినవి. ఆ తిరుగుబాటును కొలది దినములలో రష్యాసేనలు అణచివేసినవి. విగ్రహము మాత్రము మరల లేవలేదు.

ఇటీవలి కథయు నొకటి కలదు. ఈ తోటను మ్యూజియముల పేటగా మార్చుటకు ప్రభుత్వము 2013లో చట్టము చేసెను. 2016లో చెట్లు కొట్టుట మొదలైనపుడు కొందఱు నగరవాసులు తోటలోనే మకాము పెట్టి అడ్డగించిరి. సంగీతభవనమును మానవజాతి మ్యూజియమును 2022లో తెఱచిరి. రెండును చూచితిమి. మ్యూజియము కప్పే వాలుగా తోటయైనది. పిల్లలు దానిపై పరుగెత్తుచున్నారు. అవి అందముగా లేవనుట అన్యాయము. కాని 2019 ఎన్నికలతరువాత నగరసభ ఇంకను మొదలుకాని కట్టడములను వ్యతిరేకించుటచే, తలపెట్టిన చిత్రశాల కట్టడము ఆగినది. తోటలో మంచి భవనము కట్టుటయా, తోటను తోటగా నుంచుటయా? ఇరుపక్షములును ప్రజల పేరే చెప్పినవి. నేను పరదేశిని, తీర్పు చెప్పుటకు తగను. అయినను బయలు కనబడినచోట నెల్ల పాలకుల చేతులకు దురద పుట్టుననియు, ఖాళీగా నుండుటయే తోటకు పని యని వారికి గుర్తు చేయువాడు ఎల్లపుడు నొకడు కావలెననియు నాకు తోచినది.

నాలుగవనాడు హోటలువారు మా సెలవుబేరములో మిగిలిన యొక తైలమర్దనమును గుర్తు చేసిరి. నా భార్య దానిని వదలుకొని, మరల తోటకే పోదమనెను. గెల్లెర్టు హోటలును పునర్నిర్మాణముకొఱకు 2021లో మూసిరని అప్పటికే విన్నాము. ఎంతటి హోటలునకైనను తలుపును తాళమును ఉండును. ఈ తోటకు గోడ లేదు. చెఱువుగట్టున బల్లపై ఆ వృద్ధురాలు ఆనాడు కనబడలేదు. ఎవరో పిల్లలు అచ్చట కూర్చుండి రొట్టె తినుచుండిరి. మమ్ము చూచి ఒదిగి చోటిచ్చిరి. నా భార్య కాళ్లు చాచి కూర్చుండి, మొదటినాటి తన ప్రశ్నకు తానే సమాధానము చెప్పుకొన్నట్లు, "ఇదుగో, మనుషులు ఇక్కడున్నారు" అనెను.

నెబ్బియెన్ పటము గీచి రెండువందల యేండ్లు దాటినది. జిగ్‌మొండీ నీరు పైకి తెచ్చి నూటనలువదియేండ్లు దాటినది. ఒక్కసారి గీచి, ఒక్కసారి త్రవ్వినంతమాత్రమున అవి అందఱివి కాలేదు. 1944లో కొందఱివి కాకపోయినవి. 1951లో ఒక్కని విగ్రహమునకు లోబడినవి. ప్రతితరమువారును ఈ బల్లపై ఎవరు కూర్చుండవచ్చునో మరల నిర్ణయింపవలసివచ్చినది. మీ ఊరిలో చెఱువుగట్టో, రావిచెట్టు క్రింది అరుగో, మునిసిపాలిటీ తోటయో ఉండియే యుండును. రేపు అటు పోయినపుడు అచ్చట ఎవరు కూర్చుండియున్నారో చూడుడు. ఎవరు లేరో అదియు చూడుడు.